వీపుకు ఆనుకున్న పిల్ల

నా బిడ్డను నా బిడ్డ అని నా నోటితో అంటే అది చచ్చిపోతుందని నా భయం. బావి గట్టు, పాము, మసూచి, సడక్ మీద దుమ్ము లేపుకుంటూ పోయే పోలీసుల మోటారు, ఇవన్నీ కూడా భయాలే గానీ అవి దీని తర్వాతవి. ఎండ నడినెత్తికి వచ్చింది. నార్కట్‌పల్లిలో నల్లగొండ తోవ చీలే చోట సైదులు చాయ్ దుకాణం పక్కన ఒక తడిక నిలబెట్టి ఉంది, దాని నీడలో గోనెసంచి పరుచుకుని కూర్చున్నాను. పక్కన బిక్షమ్మ కూర్చుంది. దానికి ఐదో ఏడు నడుస్తోంది. నిరుడు పల్లికాయ పీకిన రోజుల నుంచి అది మాట్లాడటం లేదు. నకిరేకల్ మీదుగా వచ్చే బస్సులో లీలమ్మ దిగాలి, దిగి నా పక్కన కూర్చోవాలి, ఆమె కూర్చున్నాక నేను ఆ మాట అనాలి. ఇంట్లో మాత్రం పిల్లను నల్లగొండ మిషన్ దవాఖానకు తీసుకుపోతున్నానని చెప్పాను. అత్తమ్మ నమ్మిందో లేదో తెలియదు, సద్దిమూట కట్టి ఇచ్చింది. బండి తోలుకొచ్చిన లింగస్వామి ఎద్దులను విప్పుతూ, "అమ్మా, అది బొగ్గు మీద నడిచే బస్సు. ఎత్తు ఎక్కేకాడ అందరు దిగి నూకాలె. అది వచ్చేదాంక నేనొక కునుకు తీస్త, నువ్వు గూడ తియ్యి," అని నవ్వి చింతచెట్ల కిందికి పోయాడు. నాకు నిద్ర రాదు. ఏడుపూ రాదు. చెయ్యి మడతపడి దాని మీదే పడుకుని లేచినప్పుడు ఆ చెయ్యి ఎట్లా ఉంటుందో నేను మొత్తం అట్లా ఉన్నాను, చాలా రోజులుగా.

సడక్ మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. బిక్షమ్మ దాన్నే చూస్తోంది. దాని చెవి వెనక చెమట, చెవికి అత్తమ్మ కట్టిన నల్లదారం, పొట్ట మీద గౌను కింద మానిన మచ్చ. దారం చూస్తే నాకు చాట గుర్తొస్తుంది, చాట చూసినా దారం గుర్తొస్తుంది, ఏది ముందో ఇప్పుడు తెలియడం లేదు. బిక్షమ్మ కంటే ముందు నాకు ఇద్దరు పుట్టారు. కొడుకు పురిటి మంచం మీదనే పోయాడు. తర్వాత బిడ్డ, అది బోర్లపడి పాకడం నేర్చుకుంది, జొరం వచ్చింది, పోయింది. మూడో కాన్పుకు అత్తమ్మ నర్సింగమ్మ ముందే అన్నీ సిద్ధం చేసి పెట్టింది. బొడ్డు కోసి స్నానం చేయించిన పిల్లను చాటలో పడుకోబెట్టి ఇంటి వెనక పెంటకుప్ప మీద పెట్టి వచ్చింది. మా చేలల్లో పనికి వచ్చే సాలమ్మ, కన్న పిల్లలందరూ బతికి ఉన్న సాలమ్మ, ఏమీ తెలియనట్టు అటుగా నడిచి వచ్చి, "ఎవలదో పిల్ల, దిక్కు లేనట్టుంది, నాకు దొరికింది," అని పైకి అందరికీ వినపడేటట్టు అని చాట ఎత్తుకుని వాళ్ళ వాడకు పోయింది. నేను పచ్చిబాలింతను, గోడలు పట్టుకుంటూ వెనకే పోయి ఆమె గుమ్మం ముందు కొంగు పట్టి, "సాలమ్మా, భిక్ష పెట్టు," అని అడిగాను. ఆమె పిల్లను నా కొంగులో వేసి, "నా పిల్లనే, పెంచుకో. ఉన్నా నాదే, పోయినా నాదే, నీది గాదు," అంది. అట్లా అడుక్కొని తెచ్చుకున్నాం కాబట్టి బిక్షమ్మ. నా కడుపు జాడ తెలిసిన చావు మళ్ళీ వెతుక్కుంటూ వస్తే దానికి నా ఇంట్లో నా పిల్ల కనపడకూడదు, సాలమ్మ పిల్లే కనపడాలి. మా ఊళ్ళో ఇట్లా బతికిన వాళ్ళు ఇంటికొకరు ఉన్నారు. పెళ్ళయి అత్తగారింటికి పోయే దాకా కన్నతల్లి నా బిడ్డ అని అనకూడదు, అదొక్కటే నియమం.

నేను తప్పకుండా పాటించాను. పాలిచ్చేటప్పుడు కూడా, సాలమ్మ పిల్లా తాగు, అని చెవిలో చెప్పేదాన్ని. సాలమ్మ పిల్లా రా, సాలమ్మ పిల్లా తల దువ్వుకుందాం, సాలమ్మ పిల్లకు నిద్ర వస్తోందా. దానికి ఏ జొరమూ రాలేదు. పళ్ళు వచ్చాయి, నడక వచ్చింది, మాటలు ముందే వచ్చాయి, రోజంతా వాగేది, గడపతో మాట్లాడేది, మేకతో పోట్లాడేది. పని చేస్తున్న మాటను ఎవరు మానుకుంటారు. నిరుడు పల్లికాయ పీకి వాకిలి నిండా ఎండబోసినప్పుడు ఆడుకునే పిల్లలు ఏదో అన్నారు కాబోలు, అది లోపలికి వచ్చి, పొయ్యి ముందు నిలబడి, "అమ్మా, నేను నీ బిడ్డనేనా?" అని అడిగింది. అత్తమ్మ రోలు దగ్గర కూర్చుని నా దిక్కే చూస్తోంది. నేను కూర కలుపుతున్నాను. "కాదు, సాలమ్మ పిల్లవు," అన్నాను. రోజూ అనే మాటే. అది తల ఊపింది. మూలకు పోయి తను అన్నం తినే గిన్నె తీసుకుని గడప దాటింది. ఆడుకోవడానికి పోతోంది అనుకున్నాను.

అది ఆ గిన్నె పట్టుకుని సాలమ్మ ఇంటికి పోయి కూర్చుందట. సాలమ్మ పిల్లలు చుట్టూ చేరి, "నువ్వు మా ఇంట్ల పుట్టలే, పటేలోల్ల పిల్లవు, గిన్నె తీస్కొని పో," అన్నారట, పిల్లలు కదా, పడుకునే జాగా చాలదని వాళ్ళ బాధ వాళ్ళది. పొద్దుగూకే వేళ సాలమ్మ దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా వాకిట్లోకి రాకుండా బయటే నిలబడింది. "అమ్మా, పిల్ల నా ఇంట్ల పండుకుంటనంటాంది. మావోల్లేమో వద్దంటాన్రు. నేనేం జెప్పాలె దీనికి?" అని అడిగింది. అడిగింది నన్నే. జవాబు అత్తమ్మ చెప్పింది. "ఏం జెప్పకు. వాడలకు పోయొచ్చింది, నీళ్ళు పోసి లోపలికి తోలుకొస్తం." చన్నీళ్ళు కుండతో తల మీద నుంచి పోశారు. నోరు తెరిచి నీళ్ళు మింగింది, ఏడవలేదు. ఆ గిన్నె ఇప్పుడు కూడా దాని ఒళ్ళో ఉంది, అది లేకుండా ఎక్కడికీ రాదు. రెండు గుమ్మాల్లో ఏదీ తనది కాదని దానికి అర్థమైందని నాకు ఆ రోజు తెలియలేదు. అలిగింది అనుకున్నాం, రేపు మాట్లాడుతుంది అనుకున్నాం.

వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశాం. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాం, పోచమ్మకు కల్లు సాక పోశాం. దడుసుకుందన్నారు, దిష్టన్నారు. ఎవరో చెప్పారని పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద చురక పెట్టారు, అప్పుడు కాళ్ళు నేనే పట్టుకున్నాను. నోరు పెద్దగా తెరిచింది, లోపల నుంచి చప్పుడు మాత్రం రాలేదు. కాళ్ళు పట్టుకున్న నా చేతుల్లో దాని మడమలు చిన్నగా వణికాయి, అంతే. మూత లేని డబ్బాలోకి చూసినట్టు ఆ నోట్లోకి చూశాను. బహుశా అప్పుడే నాక్కూడా ఈ మొద్దుబారడం మొదలైంది. మా ఆయన చేను దగ్గరే పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. అత్తమ్మ చెడ్డది కాదు. అందరూ తిన్నాక దాని పక్కన పడుకుని వీపు నిమురుతుంది. నాతో ఒక రోజు అంది, "మూగదైతేంది. బతికున్నది గద. మూగదానికి గూడ లగ్గమైతది. పోయినదానికి అయితదా?"  ఈ తడిక నీడలో కూర్చుని కూడా ఆ మాటే సరైనదేమో అనిపిస్తోంది, లేచి బండి కట్టించుకుని వెళ్ళిపోతే ఎవరు అడుగుతారు.

బస్సు రాలేదు. సైదులు పొయ్యిలో తుమ్మకట్టె పెట్టి ఊదుతున్నాడు. పొగ వాసనకు మిషన్ బడి వంటగది గుర్తొచ్చింది. మా నాయిన నల్లగొండలో ఉన్నప్పుడు నన్ను ఆ బడిలో వేశాడు. ఐదో తరగతిలో ఉండగా సంబంధం వచ్చింది, పలక అక్కడే గోడకు ఆనించి వచ్చాను, సెలవుల తర్వాత వస్తాననుకుని. ఆ బడి వెనక వరండాలోనే లీలమ్మను మొదటిసారి చూశాను. తెల్లచీర, నడుము దగ్గర ఒక గుడ్డసంచి. పాలమూరు దిక్కు నుంచి కరువులో కాలినడకన వచ్చిన కూలి కుటుంబమట వాళ్ళది, నల్లగొండలో ఏసు మతం పుచ్చుకున్నారు. ఆమె చిన్నతనంలోనే దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. ఊడుస్తూ ఊడుస్తూ, కుట్లు వేసిన పిల్లల దగ్గర, కల్లోకి ఏదో వచ్చి అరిచే పిల్లల దగ్గర చీపురు పక్కన పెట్టి కూర్చునేదట. ఈమె కూర్చుంటే పిల్లలు ఊరుకుంటున్నారని చూసి దవాఖాన దొరసాని చీపురు మాన్పించి ఆ పనే పెట్టింది. అప్పటి నుంచి ముసలిదయ్యే దాకా అదే పని. భయపడ్డ పిల్లలు, మాట పోయిన పిల్లలు, మూర్ఛలు వచ్చే పిల్లలు, తమను తామే కొరుక్కునే పిల్లలు, తల్లి పోయాక అన్నం ముట్టని పిల్లలు. ఏ ఊరి నుంచి కబురు వస్తే ఆ ఊరికి, బండి దొరికితే బండి మీద, లేకపోతే నడిచి. పిచ్చిపిల్లల లీలమ్మ అనేవాళ్ళు. ఆమె ఎదురైతే కొందరు పిల్లల కళ్ళు మూసేవాళ్ళు.

వరండాలో నేను చూసినప్పుడు ఆమె ఒక పిల్లవాడికి వీపు తిప్పి కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. వాడు గోడకు తల కొట్టుకుంటున్నాడు. ఆమె ఆపలేదు, తిరిగి చూడలేదు. నాకు కోపం వచ్చింది, బెల్లు కొట్టే దాకా స్తంభం చాటున నిలబడి చూశాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా అంతే. తర్వాత ఎప్పుడో చూస్తే వాడు వచ్చి ఆమె వీపుకు తన వీపు ఆనించి కూర్చున్నాడు, వాడి ముందు కూడా కాసిని కాయలు ఉన్నాయి, ఇద్దరూ అటు ఒకరు ఇటు ఒకరు ముఖం పెట్టుకుని ఒలుస్తున్నారు. మొఖం చూస్తే పిల్లలకు జవాబు చెప్పాలేమోనని భయం పుడుతుందట, వీపుకు ఏ జవాబూ చెప్పక్కర్లేదట. ఆమె ఎవరికీ చెప్పని రహస్యం కాదిది, అడిగిన ప్రతి తల్లికీ చెప్పేదట, ఏ తల్లీ అంతసేపు కూర్చోలేకపోయేదట.

ఆమె మా ఊరికి వస్తుందని నేను అనుకోలేదు. సాలమ్మ వాళ్ళ తమ్ముడు కూడా ఏసు మతంలో కలిశాడు, అతని ద్వారా సాలమ్మే కబురు పంపింది, నాతో చెప్పకుండా. లీలమ్మ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి మా అరుగు మీద కూర్చున్నప్పుడు అత్తమ్మ లోపలి నుంచే అడిగింది. "నీకు పిల్లలున్నరా?"

"లేరు అక్కా."

"మరి నీకేం ఎరుక పిల్లల సంగతి?"

"ఏం ఎరుక లేదు. ఎరుకున్నోల్లు సురకలు వెడ్తరు. ఎరుక లేదు గనుకనే నేను ఊకె కూసుంట," అంది లీలమ్మ. అత్తమ్మకు కోపం రావాల్సింది, రాలేదు, చెంబుతో నీళ్ళు తెచ్చి పైనుంచి దోసిట్లో పోసింది. లీలమ్మ ఆ రోజు, తర్వాత వచ్చిన రోజులన్నీ, బిక్షమ్మకు వీపు తిప్పి కూర్చుని కాయలు ఒలిచి వెళ్ళిపోయింది. మా చేలో పల్లికాయ గుట్టలు గుట్టలుగా ఉంటే ఈమె తన సంచిలో తెచ్చుకుంటుందేంటని మా ఆయన నవ్వాడు. ఆ పని చేస్తూ చేస్తూ నాతో మాట్లాడేది, ఎవరి గురించో చెబుతున్నట్టు. భువనగిరి దగ్గర ఒక పిల్లగాడిని పశువుల కొట్టంలో గుంజకు కట్టేసి పెంచారట, ఆమె కొట్టం బయట ఒక కాలమంతా కూర్చుందట, చివరికి వాడు తాడు ఉన్నంత మేర వచ్చి ఆమె కొంగు చివర నోట్లో పెట్టుకున్నాడట, తాడు విప్పారట. మరుసటి ఎండాకాలం గత్తర రోగం వచ్చి ఇంటిల్లిపాదీ పోయారట. నీళ్ళంటే భయపడే ఒక ఆడపిల్ల, కుంటలో కాళ్ళు పెట్టే దాకా తెచ్చిందట, తేగానే పెళ్ళి చేసి పంపేశారట, తర్వాత సంతలో కనపడి గుర్తుపట్టలేదట. బాగయిన పిల్లలు గుర్తుపట్టరు, పట్టొద్దు గూడ, అంది. ఆ గొంతులో ఏ రుచీ లేదు, ఉప్పు వేయని జావలా ఉంది. అంతమంది పిల్లలను విన్నాక గొంతు అట్లా అవుతుందేమో. నేను ఆ గొంతు పక్కన కూర్చోగలిగాను, మిగతా గొంతులన్నీ నాకు అప్పటికి గుచ్చుకునేవి.

దవాఖాన దొరసాని లీలమ్మతో ఇక చాలు, ఇంట్లో కూర్చో అందట. "ఇంట్ల కూసో అన్నది బిడ్డా. ఎవల ఇంట్ల?" అని ఆమె నన్నే అడిగింది.  ఆ రోజే బిక్షమ్మ ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. వీపు ఆనించలేదు, కొంచెం ఎడంగా. కాసేపటికి ఒలిచిన గింజ ఒకటి వెనక నుంచి లీలమ్మ ఒళ్ళోకి వచ్చి పడింది. లీలమ్మ తిరగలేదు, గింజ నోట్లో వేసుకుని నమిలింది.

పోతూ పోతూ గడప బయట నాతో అంది. "ఇంక నాతోని అయ్యేది లేదు. నువ్వు అనాలె. దాని వీపుకు వీపు వెట్టి కూసోని, నువ్వు నా బిడ్డవు, నేనే కన్న అని అనాలె."

"అంటే పోతది లీలమ్మా."

"ఎవలు జెప్పిండ్రు?"

"ఇద్దరు పోయిండ్రు."

ఆమె సంచి మూతి ముడి వేసింది. పోవడం అబద్ధమని అనలేదు, మీ అత్తకు మతి లేదని అనలేదు, దేవుడు చూసుకుంటాడని కూడా అనలేదు. "అవు, పోయిండ్రు," అంది.

"అన్నంక ఏమన్నయితే నీ మీద ఏసుకుంటవా?"

"ఏసుకోలేను బిడ్డా. నా మీదున్నవే దిగుతలేవు."

"మరి?"

"నీ పక్కన కూసుంట. గంతే. ఇంటికాడ భయమైతే సడక్ మీద అను. గన్ని బండ్లల్ల ఎవల మాట ఎవలికి ఇనవడ్తది? ఒక్కటి యాదుంచుకో. అన్నంక నువ్వు తిరగొద్దు. అదే తిరగాలె. నువ్వు ముందుగల తిరిగి దాని మొఖం జూసినవో, మల్ల మొదటికొస్తది."

అందుకే నార్కట్‌పల్లి. చావు మా ఇంటి చుట్టే తిరుగుతుంది కదా, ఇంత దూరం ఎందుకు వస్తుంది, ఒకవేళ వచ్చినా ఇన్ని బండ్ల చప్పుడులో దానికి మాత్రం ఏం వినపడుతుంది, అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా ఆ మాట చిందినట్టై మళ్ళీ చెప్పుకున్నాను.

బస్సు వచ్చింది. ముందు పొగ కనపడింది, తర్వాత చప్పుడు, తర్వాత వెనక బొగ్గు డబ్బా మోసుకుంటూ బస్సు. బిక్షమ్మ లేచి నిలబడింది. దిగిన వాళ్ళు దిగారు. గొంగళి వేసుకున్న ముసలాయన, కోడిపుంజు చంకలో పెట్టుకున్న ఒకామె, ఇద్దరు తురకాయనలు. తెల్లచీర దిగలేదు. నేను లేవలేదు. కండక్టరు అటూ ఇటూ చూసి నా దగ్గరికి వచ్చాడు.

"లీలమ్మ కోసమేనా కూసున్నది?"

"ఆఁ."

"ఆమె నకిరేకల్‌లనే దిగిపోయింది. బస్సు ఆగినకాడ ఒకడు పిలగాన్ని బండికి కట్టేసి తెచ్చిండు, దయ్యం వట్టిందని. గంతే, ముసల్ది మోకాల్లు నొస్తయని గంట సేపు నాతోని మొత్తుకున్నది, ఆన్ని జూడంగనే దునికింది. నేను బస్సు ఆపలేనమ్మా అంటే నువ్వు పో అన్నది." నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి నా ముందు పెట్టాడు. "ఇది నీకిమ్మన్నది. ఎదురుసూడొద్దట. కూసోని మొదలువెట్టుమన్నది. ఏం మొదలువెడ్తవో నాకైతె తెల్వది చెల్లె."

"మల్ల బస్సుకొస్తదా?"

"వస్త అన్నది. రాదు. నాకెరుకే గద ఆమె సంగతి, ఎన్నేండ్ల సంది ఎక్కిస్తున్న, దించుతున్న." బస్సు పోయింది. బొగ్గు వాసన మిగిలింది.

సంచి విప్పితే పల్లికాయలు. నాకు కోపం రావాలి, నా పక్కన కూర్చుంటానంది కదా, ఆ ఒక్క మాటే ఇచ్చింది కదా. రాలేదు. ఆ పిల్లవాడి తల్లి కూడా ఎక్కడో ఇప్పుడు తడిక నీడలో ఉంటుంది, ఆమె పక్కన లీలమ్మ ఉంది, నా పక్కన సంచి ఉంది. చింతల కింద నుంచి లింగస్వామి కేకేశాడు. "ఏమమ్మా, రాలేదా? బండి కట్టాల్నా?" కట్టమని నోటి దాకా వచ్చింది. మూగదానికి కూడా లగ్గమవుతుంది. ఇంటికి పోతే చీకటి పడే లోపల సద్ది తినొచ్చు, అత్తమ్మ వీపు నిమురుతుంది, రేపు తెల్లారుతుంది, అది బతికి ఉంటుంది, గిన్నె పట్టుకుని గడప మీద కూర్చుంటుంది, లోపలికీ కాదు, బయటికీ కాదు. అట్లా కూర్చునే పెద్దదవుతుంది. "జర ఆగు," అన్నాను.

నేను సడక్ దిక్కు తిరిగి కూర్చున్నాను. కాయలు సగం నా ముందు పోసుకున్నాను, సగం చెయ్యి వెనక్కి చాపి తడిక దిక్కు పోశాను. ఒలవడం మొదలుపెట్టాను. మా చేలో ఎన్ని ఒలవలేదు, అయినా ఈ రోజు వేళ్ళకు గింజేదో పొట్టేదో తెలియలేదు. సైదులు ఒకసారి చూసి మళ్ళీ పొయ్యి ఊదుకున్నాడు. పత్తి బండ్లు పోయాయి. వాటి వెనక కుక్క పోయింది. అప్పుడు వెనక గోనె మీద కదిలిన చప్పుడు, చిన్న కాళ్ళు ముడుచుకున్న చప్పుడు, కొంచెంసేపు ఏమీ లేదు, తర్వాత టక్. కాయ పగిలింది. మళ్ళీ కొంచెం ఆగి టక్. గింజ గిన్నెలో పడ్డ చప్పుడు. నా వీపుకు దాని వీపు తగలలేదు గానీ మధ్యలో గాలి వెచ్చగా ఉంది. మొదటి కొడుకు పోయినప్పుడు వాడికి పేరు కూడా పెట్టలేదు. రెండో దాన్ని నేను ఎన్నిసార్లు నా బిడ్డా అన్నానో, పొద్దున్నే అనేదాన్ని, పడుకునేటప్పుడు అనేదాన్ని, అది పాకుతూ వచ్చి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంటే అనేదాన్ని. అన్నందుకే పోయిందా. కొడుకును ఒక్కసారి కూడా అనలేదు, వాడు కూడా పోయాడు. ఈ లెక్క ఇప్పటి దాకా నాకు తట్టలేదు. తట్టినా లాభం లేదు, భయానికి లెక్కలు రావు, అది లోపల కూర్చునే ఉంది, అట్లానే ఉంది.

"బిక్షమ్మా," అన్నాను సడక్‌తో. గొంతు నాది కాదు, ఉప్పు వేయని జావ. "నువ్వు నా బిడ్డవు. నేనే కన్న. సాలమ్మ కనలే, నేను కన్న."

వెనక చప్పుడు ఆగిపోయింది.

ఒలవడం ఆపొద్దని లీలమ్మ చెప్పలేదు, చెప్పినట్టే అనిపించి నేను ఒలుస్తూ ఉన్నాను. గింజలు దుమ్ములో పడుతున్నాయి. సడక్ మీద ఎండ కదలడం మానేసినట్టు ఉంది. ఎవరో సైకిలు మీద పోతూ గంట కొట్టారు. చాలాసేపటికి, ఎంతసేపటికో నాకు తెలియదు, నా నడుము పక్క నుంచి చిన్న చెయ్యి వచ్చింది. దాని అరచేతిలో ఒక గింజ ఉంది, పైపొర కూడా తీసి తెల్లగా చేసిన గింజ. తీసుకున్నాను. నోట్లో వేసుకుని నమిలాను. చెయ్యి వెనక్కి పోయింది. ఆ తర్వాత నా వీపుకు దాని వీపు ఆనింది. ముందు వెన్నెముక, తర్వాత భుజాలు, తర్వాత తల వెనక భాగం నా నడుము పైన కుదురుకుంది. కుదురుకుని, బరువైంది. మెల్లగా ఇంకా బరువైంది. గిన్నె చేతిలో నుంచి జారి గోనె మీద పడ్డ చప్పుడు వినపడింది. దాన్ని అది తీసుకోలేదు. ఎప్పుడూ వదలని గిన్నె.

ఎండకు నిద్రపోయి ఉంటుంది. పొద్దున్నే లేపి బండి ఎక్కించాను కదా, తోవలో కునుకు కూడా తీయలేదు, నిద్రే అయి ఉంటుంది. నిద్రపోయిన పిల్ల బరువు నాకు తెలుసు. రెండో బిడ్డను జొరంలో భుజం మీద వేసుకుని తిరుగుతుంటే కూడా ఇట్లానే బరువైంది, నిద్రపోయింది అనుకుని ఇంకా చాలాసేపు జో కొట్టాను. ఊపిరి తెలుస్తుందేమోనని కదలకుండా కూర్చున్నాను, నా వీపు మొద్దుబారిపోయింది, నా ఊపిరి ఏదో దాని ఊపిరి ఏదో తెలియడం లేదు. తిరగలేను. తిరిగితే మళ్ళీ మొదటికి వస్తుందంది. పిలవలేను, పిలిస్తే పలకదు, ఇన్నాళ్ళూ పలకనిది ఇప్పుడు పలకకపోతే నేను ఏమనుకోవాలి. సైదులును అడుగుదామంటే చాయ్ తాగేవాళ్ళ మధ్య ఉన్నాడు. లింగస్వామి చింతల కింద గుర్రు పెడుతున్నాడు. లీలమ్మ నకిరేకల్‌లో ఎవరికో వీపు తిప్పి కూర్చుని ఉంది.

ఇది చదివే మీరు ఎవరైనా సరే, ఈ తోవన వస్తే నార్కట్‌పల్లిలో జర ఆగండి. సడక్ దిక్కు ముఖం పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంటుంది, నా ముందుకు రావొద్దు, నన్ను పలకరించొద్దు. తడిక పక్కనుంచి వెనక్కి పోండి. దాని ముఖం అటు ఉంది. వంగి, దాన్ని లేపకుండా, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడండి. ఊపిరి ఉంటే ఒక్కసారి దగ్గండి, చాలు. నాకు వినపడుతుంది.